కథకు చుక్క కావాలి

"కథల పోటీ" అని ఉండాల్సిన కరపత్రం ప్రూఫులో "కధల పోటీ" అని వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో డీటీపీ చేసే కుర్రాడికి చూపిస్తే, "థ లోపలి చుక్క స్క్రీన్ మీద కనబడ్తనే లేదు సార్, మానిటర్ మార్చాలె" అన్నాడు. అచ్చుతప్పు కంటే ఆ 'మార్చాలె'కే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని సరిచేసి చూడాలి. ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో ఇక్కడే డబ్బా మానిటర్ల ముందు కాసేపు కూర్చుంటే తలనొప్పి వచ్చేది. రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్ దగ్గరే వదిలేసేవారు. దాన్ని 85కి మారిస్తే మినుకుమినుకు ఆగిపోయేది. రూపాయి ఖర్చు లేదు. నా నమ్మకం అక్కడ పుట్టింది.

కుర్రాడి పక్కన కుర్చీ వేసుకున్నాను. మానిటర్ 1920×1080ది, కంప్యూటర్ మాత్రం 1366×768లో నడుస్తోంది. అలాగైతే బొమ్మలోని చుక్క (పిక్సెల్) స్క్రీన్ మీది చుక్కలో సరిగ్గా కూర్చోదు, పక్కదాని మీదికి పాకుతుంది. 'రికమెండెడ్' అని ఉన్న రిజల్యూషన్ ఎంచాం. నీలం వీజీఏ కేబుల్ కాబట్టి మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ నొక్కాం, అక్షరాల అంచుల్లో వణుకు తగ్గింది. షార్ప్‌నెస్ నూటికి నూరు పెట్టి ఉంది, అందుకే ప్రతి అక్షరం చుట్టూ తెల్లటి గీత. అది పోయేదాకా దించాం. స్క్రీన్ పక్కన తెల్లకాగితం పట్టి, రెండు తెలుపులూ కలిసేదాకా బ్రైట్‌నెస్ తగ్గించాం. థలో చుక్క కనబడింది.

అక్కడితో ఆగితే ఈ వారం కూడా పాత పాటే పాడేవాణ్ణి. కానీ ఆ డీటీపీవాళ్లదే ఎల్బీనగర్ షాపులోని 18.5 అంగుళాల మానిటర్ పుట్టుకతోనే 1366×768. అన్నీ సరిచేశాం, అయినా చిన్న అక్షరాల్లో వత్తులు ముద్దగానే ఉన్నాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన క్లియర్‌టైప్ కూడా ఆదుకోలేదు. అది ఒక్కో చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలను విడివిడిగా వాడుకుంటుంది. ఆ గీతలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి లాభమంతా అడ్డంగానే. మన ఇరుకేమో నిలువున. 'స్త్రీ'లో సకారం మీద గుడిదీర్ఘం, కింద తావత్తు, రావత్తు. 'లక్ష్మి'లోనూ రెండు వత్తులు. ఇంగ్లీషు అక్షరం హాయిగా సర్దుకునే ఎత్తులోనే ఇవన్నీ ఇమడాలి. లేని చుక్కలను ఏ బటనూ పుట్టించలేదు.

అందుకే, తెలుగు ప్రూఫు చూసే స్క్రీన్ విషయంలో నా పాత పాట చెల్లదు. అక్కడ కొనాల్సిందే. 24 అంగుళాల 1080 మానిటర్లో అంగుళానికి 92 చుక్కలుంటే, 27 అంగుళాల ఫోర్‌కేలో 163 ఉంటాయి. డీటీపీ షాపులవాళ్లు కలర్ ప్రింటర్ కంటే ముందు దీనికి డబ్బు తీయాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు అమ్మే సీటీసీకి వెళ్లినప్పుడు అంగుళాలు అడిగి ఊరుకోకండి, రిజల్యూషన్ ఎంతో అడగండి. స్త్రీ, లక్ష్మి, కథ అని చిన్న సైజులో టైపు చేయించి, కళ్లారా చూశాకే డబ్బు కట్టండి.