పేర్చే చేయి

బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టేవాళ్లు చాలామంది. పేర్చే చేతిని చూసేవాళ్లు తక్కువ. మా పెద్దమ్మ సిబ్బిలో గుమ్మడాకులు పరిచి కూర్చుందంటే ఇక లేవదు. మొదటి వరుస తంగేడు. ఆ పైన గునుగు. ఆ పూల కాడల్ని సమంగా కోసి, చిన్నచిన్న కట్టలు కట్టి, కొసల్ని రంగునీళ్లలో ముంచి ముందే ఆరబెట్టి ఉంచుతుంది. కాడ లోపలికి, పువ్వు బయటికి. అసలు పనితనమంతా నడుమనే ఉంది. కత్తిరించిన కాడలూ ఆకులూ అక్కడ కూరి, అరచేత్తో అదుముతుంది. అది వదులైతే పైన ఎంత ముచ్చటగా పేర్చినా నిలవదు. ఒకసారి నేను పేర్చింది వాకిలి దాటకముందే ఓ పక్కకు ఒరిగింది. "కడుపు నింపలేదు బిడ్డా" అంది, అంతే. వరుస వరుసకూ చుట్టు కొంచెం తగ్గిస్తూ, సిబ్బిని తిప్పుకుంటూ పోతుంది. కొలబద్ద లేదు, కన్నే కొలత. బంతి, చామంతి ఎక్కాక శిఖరాన గుమ్మడిపువ్వు, పసుపు గౌరమ్మ. ఆడినంతసేపూ బతుకమ్మ అందరి నడుమా నిలబడి, చీకటి పడ్డాక చెరువులోకి వెళ్లిపోతుంది. ఈసారి మీ ఇంట్లో పేర్చేటప్పుడు ఫోను పక్కనపెట్టి, కాసేపు ఆ చేతుల్ని చూడండి.