అప్రచురితం అనే షరతు: అంతర్జాల రచన, కాపీరైట్

అంతర్జాలంలో పెట్టిన రచనపై హక్కు పోతుందన్న భయం తెలుగు రచయితలలో బలంగా ఉంది. రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూడడం వల్ల పుట్టిన భయమిది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ప్రతులు వెలువరించడమే కాదు, రచనను ప్రజలకు అందుబాటులోకి తేవడం కూడా ప్రచురణే. కనుక ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా ఉంచిన కవిత ప్రచురితమే. తరువాత తొలగించినా అది అప్రచురితం కాబోదు. పైగా తేదీకి ఉన్న సాక్ష్యం కూడా పోతుంది. హక్కు మాత్రం రచయితదే. నమోదుతో పనిలేకుండా రచనతోపాటే అది పుడుతుంది. రచయిత మరణానంతరం 60 ఏళ్లు నిలుస్తుంది.

పోయేది తొలి ప్రచురణ అవకాశం. కథతోపాటు పత్రికలు కోరే హామీపత్రం చట్టం విధించినది కాదు, సంపాదకుల షరతు. పాఠకులకు కొత్త రచననే అందించాలన్న వారి కోరిక సమంజసమే. కాని పదిమంది మిత్రులు చదివిన కవితను, వెబ్ పత్రికలో వేలమంది చదివిన కథను ఒకే గాటన కట్టడం సబబు కాదు. పుస్తకాల విషయంలో ఈ పట్టింపు తెలుగులో లేనే లేదు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చిన తరువాతనే పుస్తకమైంది.

అసలు జాగ్రత్త అవసరమైనది హక్కుల బదిలీ వాక్యం దగ్గర. 19వ సెక్షన్ ప్రకారం బదిలీకి సంతకంతో కూడిన లిఖితపత్రం ఉండాలి. గడువు పేర్కొనకపోతే అది 5 ఏళ్లకే పరిమితం. 'శాశ్వతంగా' అన్న మాట కింద సంతకం చేసిన రచయితకు ఈ వెసులుబాటు దక్కదు.