చెక్క అచ్చులో తెలుగు అక్షరం – విమర్శనాత్మక పరిశీలన

గోదావరి డెల్టాకు పొరుగున, కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం కోసం టేకు చెక్కపై పువ్వులు, తీగలు చెక్కుతారు. ఆ పద్ధతిలోనే తెలుగు అక్షరాలు చెక్కితే ఏం జరుగుతుందో పరిశీలిద్దాం.

సీసపు అచ్చులో ప్రతి ముక్కకూ దీర్ఘచతురస్రాకారపు హద్దు ఉంటుంది. ఒత్తులు సాధారణంగా ఆ హద్దుకు లోబడాలి. చెక్కపై ‘స్త్రీ’ మొత్తం ఒకే దిమ్మె. రెండు ఒత్తులనూ చేతికి తోచినట్లు పెంచవచ్చు, వంచవచ్చు. ఈ స్వేచ్ఛే ప్రయోగానికి మూలం. కంప్యూటర్ ఫాంటును యథాతథంగా చెక్కపైకి దించితే అది నకలు మాత్రమే.

అయితే స్వేచ్ఛకూ హద్దుంది. ‘ప’లో తలకట్టు కింది సందు ఇరుకైతే, రంగు నిండి అది ‘వ’గా అచ్చుపడుతుంది. అప్పుడు ‘పల’ కాస్తా ‘వల’ అవుతుంది. కాబట్టి ప్రయోగం అందంగా ఉందా అని అడిగే ముందు, చదవగలుగుతున్నామా అని అడగాలి.