చల్లని ఇంజన్ చెప్పే నిజం
హైదరాబాదులో మూసీ ఒడ్డునున్న అఫ్జల్‌గంజ్ వంటి పాత బజారులో చేయి తిరిగిన డీజిల్ మెకానిక్, అమ్మకానికి వచ్చిన కారులో మీటరు చూపే కిలోమీటర్ల జోలికి పోకుండా, ముందుగా బానెట్‌పై అరచేయి ఆనించి ఇంజన్ చల్లగా ఉన్నదో లేదో తెలుసుకొంటాడు. ఎందుకంటే స్పార్క్ ప్లగ్ లేకుండా, సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి వేడితోనే ఇంధనం మండే ఈ ఇంజన్‌లోని అరుగుదల చల్లని స్టార్టింగ్‌లో బయటపడి, ముందే వేడిచేసి ఉంచిన బండిలో దాగిపోతుంది. ఆపై ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూతను విప్పి రంధ్రంపై వదులుగా ఉంచుతాడు. పిస్టన్ రింగులు అరిగినపుడు మండిన వాయువు వాటి పక్కనుంచి కిందికి జారి, అంటే బ్లో-బై ఏర్పడి, ఆ మూతను ఎగరగొట్టేంతగా తన్నుకొస్తుంది. కొనేవారు భయపడే నల్లని ఆయిల్‌ను అతడు తప్పుపట్టడు, మసి కలవడం డీజిల్‌కు సహజమే. కాని మూత లోపల పాలచాయ రంగు నురుగు కనిపిస్తే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తున్నదేమోనని అనుమానిస్తాడు. 2007లో మారుతి స్విఫ్ట్‌లో వచ్చిన 1248 సీసీ ఫియట్ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్, అనగా క్రాంక్, క్యామ్ షాఫ్టులను లయ తప్పకుండా తిప్పే గొలుసు, సాగితే స్టార్టయిన తొలి క్షణాల్లో గలగల వినిపిస్తుంది. ఇంజన్ లోపాలను చూపే స్కానర్‌లో ఏ కోడూ పడకముందే ఆ చప్పుడును పట్టుకొనే చెవి ఏళ్ల తరబడి షెడ్డులో పనిచేస్తేనే అబ్బే విద్య.