మలంతో వైద్యం: ఒక పరిశోధన మంచిచెడ్డలు

2013 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో నెదర్లాండ్స్ వైద్యుల వ్యాసం ఒకటి వెలువడింది. ఆరోగ్యవంతుల మలాన్ని సెలైన్‌లో కలిపి, వడగట్టి, ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా రోగుల చిన్నపేగులోకి పంపారు. ముఖం చిట్లించకండి! వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా, ఈ వ్యాసం మీరు జాగ్రత్తగా చదవదగ్గది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. మన పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియాలు ఉంటాయి. ఏదో జబ్బుకు మింగిన యాంటిబయాటిక్ వీటిలో చాలావాటిని కూడా చంపేస్తుంది. అప్పుడు క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియాకు చోటు దొరుకుతుంది. 2016 నుంచి దీన్ని క్లాస్ట్రిడియాయిడిస్ అంటున్నారు. దీని సిద్ధబీజాలు మందుకు చావవు. కొన్ని పైత్యరస లవణాలు తగిలితే అవి మొలకెత్తుతాయి. మామూలుగా అయితే పేగులోని ఇతర బాక్టీరియాలు ఆ లవణాలను మార్చి, దీని పెరుగుదలను అడ్డుకునే పదార్థాలుగా చేస్తాయి. ఆ కాపలా పోయాక ఇది విజృంభించి, తన విషాలతో పేగు పొరను దెబ్బతీస్తుంది. నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం వస్తాయి. ముదిరితే ప్రాణానికే ముప్పు. దీనికి ఇచ్చే వాంకోమైసిన్ కూడా యాంటిబయాటిక్కే కదా! పోయిన కాపలాను అది తిరిగి తేలేదు. అందుకే కొందరికి జబ్బు మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది.

నెదర్లాండ్స్ వైద్యులు అలాంటి వారినే ఎంచుకుని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు కొద్ది రోజులు వాంకోమైసిన్ ఇచ్చి, పేగు కడిగి, మలద్రావణం ఎక్కించారు. 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి రెండోసారి ఎక్కించాక తగ్గింది. రెండో జట్టుకు 14 రోజులు వాంకోమైసిన్ మాత్రమే ఇస్తే 13 మందిలో నలుగురు కోలుకున్నారు. మూడో జట్టుకు వాంకోమైసిన్‌తోపాటు పేగు కూడా కడిగారు. అక్కడ 13 మందిలో ముగ్గురే కోలుకున్నారు.

నా దృష్టిలో ఈ పరిశోధన గొప్పతనమంతా ఆ మూడో జట్టులో ఉంది. అది లేకపోతే, 'పేగు కడగడం వల్లే తగ్గిందేమో' అని మీరు అడిగితే జవాబు ఉండేది కాదు.

ఇక లోపాలు. ఎవరికి ఏ చికిత్స జరుగుతోందో రోగికీ తెలుసు, వైద్యుడికీ తెలుసు. 120 మందితో చేయదలచిన ప్రయోగాన్ని, తేడా కొట్టొచ్చినట్టు కనిపించడంతో మధ్యలోనే ఆపేశారు. రోగుల మేలుకోరి అలా చేయడం న్యాయమే. కాని అలా ఆపిన ప్రయోగాల్లో ఫలితం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించే అవకాశం ఉంటుంది. పోటీకి నిలిపిన వాంకోమైసిన్‌ను కూడా నెమ్మదిగా తగ్గిస్తూ ఇచ్చే పద్ధతిలో ఇవ్వలేదు. ఇంత కొద్దిమందిలో అరుదైన ప్రమాదాలూ బయటపడవు. 2019లో అమెరికాలో దాత మలంలోని మందులకు లొంగని ఇ.కోలై ఇద్దరికి సోకి, ఒకరు మరణించారు.

'ఎవరికీ తెలియకుండా' చేసిన పరీక్ష 2016లో అమెరికాలో వచ్చింది. కొందరికి దాత మలం, కొందరికి వారి మలమే ఎక్కించారు. దాత మలంతో 22 మందిలో 20 మంది కోలుకున్నారు. తమ మలంతోనే 24 మందిలో 15 మంది కోలుకున్నారు! ఈ రెండో సంఖ్య దగ్గర కాసేపు ఆగండి. ప్రయోగం రెండు ఊళ్ళలో జరిగింది. రోడ్ ఐలండ్‌లో తమ మలంతో కోలుకున్నది 14 మందిలో ఆరుగురు. న్యూయార్క్‌లోనో, 10 మందిలో 9 మంది. వీరికి ముందే ఇచ్చిన వాంకోమైసిన్‌తోనే జబ్బు పోయిందా? 2013 నాటి ప్రయోగంలో సొంత మలం ఎక్కించిన జట్టు లేదు కాబట్టి, అక్కడ ఈ ప్రశ్న తలెత్తనేలేదు.