ఓటముల లెక్కకు అందని పిచర్

బేస్‌బాల్‌లో జట్టు గెలిచినా ఓడినా ఆ లెక్కను ఎవరో ఒక పిచర్ పేరు మీద రాస్తారు. ఆ ప్రకారం క్యూబాలోని ఓల్గీన్‌లో 1937లో పుట్టిన డియేగో సెగీ ఖాతాలో ఉన్నవి 92 గెలుపులు, 111 ఓటములు. 1962 నుంచి 1977 దాకా 15 మేజర్ లీగ్ సీజన్లు ఆడి కాన్సాస్ సిటీ, వాషింగ్టన్, ఓక్లాండ్, సియాటెల్, సెయింట్ లూయిస్, బోస్టన్ చుట్టి మళ్లీ సియాటెల్ చేరాడు. ఎక్కడా కుదురుకోలేని సగటు ఆటగాడని తీర్పు చెప్పేయడానికి ఈ చిట్టా చాలనిపిస్తుంది. చాలదు. అతను వేసిన బంతినీ, అతని చేత జట్లు చేయించుకున్న పనినీ చూడకుండా ఆ తీర్పు చెల్లదు.

ముందు బంతి సంగతి. సెగీ ఆయుధం ఫోర్క్‌బాల్. చూపుడు వేలు, నడిమి వేలు బాగా ఎడం చేసి, బంతిని వాటి సందులోకి లోతుగా దూర్చి పట్టుకోవాలి. చెయ్యి మాత్రం వేగబంతికి తిప్పినట్టే తిప్పాలి. వేగబంతి విడిచేటప్పుడు వేళ్ల కొసలు దాన్ని వెనక్కి గిర్రున తిప్పుతాయి. ఆ సుడే బంతిని తొందరగా కిందికి వాలనివ్వదు. ఫోర్క్‌బాల్‌లో వేళ్లు పక్కలకు తప్పుకోవడంతో సుడి తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది, బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి బంతి దిగిపోతుంది. క్రికెట్‌లో బౌలర్లు వేళ్లు చీల్చి వేసే స్లో బాల్ ఎరిగినవారికి ఈ కిటుకు కొత్తేమీ కాదు. బ్యాటర్‌కు ఆలోచించుకోవడానికి అర సెకను కూడా ఉండదు. చెయ్యి తిరిగిన వేగాన్ని నమ్మి బ్యాట్ ఊపాడా, బంతి దాని కిందుగా జారిపోతుంది. అదుపు తప్పి ఎత్తుగా పడితే మాత్రం అంతకన్నా తేలిగ్గా కొట్టే బంతి ఇంకోటి ఉండదు.

ఇంత నేర్పున్నవాడు అన్నిసార్లు ఎందుకు ఓడాడని అడగడం న్యాయమే. 1964లో సెగీ 8 గెలిచి 17 ఓడాడు. ఆ ఏడాది అతని కాన్సాస్ సిటీ జట్టు ఓడిన ఆటలే 105. తనవాళ్లు పరుగులు తీయకపోతే పిచర్ ఎంత బాగా వేసినా ఓటమి అతని మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఇంకో లెక్క ఉంది: ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చిన పరుగుల సగటు. 1970లో ఓక్లాండ్‌కు ఆడుతూ 2.56 సగటుతో అమెరికన్ లీగ్ మొత్తంలో సెగీయే మొదట నిలిచాడు. ఆ ఏటి గెలుపోటములేమో పదికి పది! గెలుపోటముల పట్టికను నమ్మేవాళ్లు ఈ ఒక్క సీజన్‌కు ఏం సమాధానం చెబుతారో. అలాగని అతన్ని సాటి క్యూబన్ లూయిస్ టియాంట్ సరసన నిలబెట్టబోవడం లేదు. టియాంట్ గెలిచిన ఆటలు 229, ఆ స్థాయి వేరు.

సెగీ పనికొచ్చిన చోటు వేరే. ఆట మొదలుపెట్టమన్నా, మధ్యలో వచ్చి ఆదుకోమన్నా, చివర్లో ఆధిక్యాన్ని కాపాడమన్నా సిద్ధంగా ఉండేవాడు. 1969లో సియాటెల్ పైలట్స్ 98 ఆటలు ఓడినా, అందులో అతను 66 సార్లు బంతి పట్టి 12 గెలిచి 6 మాత్రమే ఓడాడు. ఈ సత్తువ ఏడాది పొడవునా ఆడటంలోంచి వచ్చింది. విప్లవం తర్వాత 1961లో క్యూబా ప్రొఫెషనల్ లీగ్ మూతపడింది. చలికాలపు ఆటకు సొంత గడ్డ లేకుండా పోయిన సెగీ ఏళ్ల తరబడి వెనెజులా లీగ్‌లో ఆడాడు, ఆ దేశపు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకీ ఎక్కాడు. మేజర్ లీగ్ పట్టికల్లో ఆ బంతులు ఒక్కటీ కనిపించవు.

చివరి సీజన్ మాటేమిటని అడగొచ్చు. 1977 ఏప్రిల్ 6న సియాటెల్ మెరినర్స్ చరిత్రలో తొలి ఆటను 39 ఏళ్ల సెగీ చేతే మొదలుపెట్టించారు, 7–0తో ఓడారు. ఆ ఏడాది అతనికి ఒక్క గెలుపూ దక్కలేదు, ఏడు ఓటములు మిగిలాయి. వయసు మీద పడ్డ మాట నిజం, మేజర్ లీగ్ వాకిలి మూసుకున్న మాటా నిజం. మరుసటి ఏడాది మెక్సికన్ లీగ్‌లో కోర్డోబా జట్టు తరఫున అతను పర్ఫెక్ట్ గేమ్ వేశాడు: ఎదురొచ్చిన బ్యాటర్లలో ఒక్కడినీ మొదటి బేస్ చేరనివ్వలేదు.