బరాత్ దిగిన గుర్రానికి ఏం కప్పాలి?

మాఘమాసం వస్తే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్ల ముందు పెళ్లి గుర్రాలు కనిపిస్తాయి. మఖ్మల్ జీను, తళుకుల తలకట్టు, చుట్టూ డీజే మోత. పెళ్లికొడుకు దిగాక ఆ గుర్రం ఎటుపోయిందో ఎవరికీ పట్టదు. కొట్టం లేనివాటిని ఊరి చివర ఖాళీ జాగాలో చెట్టుకింద కట్టేస్తారు. అర్ధరాత్రి దాటింది, ఒళ్లంతా చెమట, పైన మంచు.

మన దగ్గర అంత చలెక్కడిది అంటారు. నిజమే, కండపట్టి ఉన్న గుర్రం ఒళ్లు పొడిగా ఉంటే మన జనవరి రాత్రులను ఏమీ కప్పకపోయినా తట్టుకుంటుంది. చలికి వెంట్రుకలు నిక్కబొడుచుకుని వేడిగాలిని ఒంటి దగ్గరే పట్టి ఉంచుతాయి. తడిస్తే అవి చర్మానికి అతుక్కుపోతాయి, ఆ గాలిపొర పోతుంది. కాబట్టి ఎన్ని డిగ్రీల చలి అని కాదు, ఒళ్లు తడిగా ఉందా, ఈదురుగాలి కొడుతోందా అని చూసి కప్పాలి. ముసలిదానికి, బక్కచిక్కినదానికి మాత్రం ఒళ్లు పొడిగా ఉన్నా కప్పు కావాల్సిందే.

తేలిగ్గా దొరుకుతోందని పాత ఫ్లెక్సీ కప్పేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఫ్లెక్సీ వాననైతే ఆపుతుంది గానీ చెమట ఆవిరిని బయటికి పోనివ్వదు. తెల్లారి ఎత్తి చూస్తే లోపలంతా నీటిచుక్కలు, వీపు చల్లగా, జిగటగా ఉంటుంది.

దానికంటే గోనెపట్టా ఎంతో నయం. ఇన్ని రైస్ మిల్లులున్న మిర్యాలగూడ చుట్టుపక్కల పాత గోనె సంచులకు కరువు లేదు. ఒకప్పుడు జట్కా తోలిన కోదాడ పెద్దాయన ఒకరు ఎట్లా కప్పాలో చేసి చూపించారు. ముందు గుర్రాన్ని కాసేపు మెల్లగా నడిపించి, గరుకు గోనెతో మెడ, వీపు, డొక్కలు రుద్దారు. తర్వాత వీపు మీద పలచగా పొడి వరిగడ్డి పరిచి, దాని మీద రెండు సంచులు విప్పి కుట్టిన పట్టా వేశారు. “ముందు గడ్డి, తర్వాతే గోనె బిడ్డా,” అన్నారు. గడ్డి సందుల్లో గాలి ఆడి చెమట ఆరిపోతుంది. ఆరాక గడ్డి దులిపేసి, పొడి పట్టా ఒక్కటే వేస్తారు.

నన్నడిగితే అన్నిటికన్నా మేలు మన గొంగడి. దక్కనీ గొర్రె బొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించే ఈ గొంగడి మీద చినుకులు జారిపోతాయి, కాస్త చెమ్మగిల్లినా వెచ్చదనం పోదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వచ్చే యాదవ పెద్దల భుజాల మీద ఇంకా కనిపిస్తుంది గానీ, మాంసం కోసం నెల్లూరు జాతి పెరిగాక ఆ బొచ్చే తగ్గిపోయింది. ధర ఎక్కువే. ముతక బొచ్చు కాబట్టి మూపు దగ్గర ఒరుసుకోకుండా లోపల పాత నూలుగుడ్డ వేయాలి.

ఏది కప్పినా పట్టె కడుపును బిగించకూడదు. రాత్రి కప్పుకింద భుజం దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, చెమట తగిలితే తీసేయాలి. ఎండ ఎక్కకముందే విప్పి ఆరేయాలి. రాత్రంతా నములుకునేందుకు మేత వేయాలి, అది అరిగేటప్పుడు పుట్టే వేడి లోపలి నుంచి కాస్తుంది. పెళ్లివాళ్లను నేనడిగేది ఒక్కటే: గుర్రాన్ని ఓ అరగంట ముందే వదలండి, చెమట ఆరేదాకా గుర్రంవాళ్లు దాన్ని మెల్లగా నడిపించుకుంటూ పోతారు.